మన ఊరి నవలాకారుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే, సగానికి పైగా నవలల గురించీ వాటిని రాసినవారి గురించీ ఉన్నాయి. అనంతపురం రచయిత బండి నారాయణస్వామి గారి పేరు ఎక్కువ ఉత్తరాల్లో కనిపించింది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి గురించి అడిగినవారూ కొందరున్నారు. అందువల్ల ఈ సంచికలో మిగిలిన విషయాలను పక్కనపెట్టి, సమకాలీన సీమ నవలాకారుల జీవితానికీ వృత్తికీ సంబంధించిన ప్రశ్నలకు మాత్రమే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం): మా తెలుగు మేడమ్ పాఠం చెబుతూ "శప్తభూమి" నవల గురించి ప్రస్తావించి, దాన్ని రాసినాయన మన ఊరివారేనని అన్నారు. తరగతిలో అరవైమందిమి ఉన్నా ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. నాకు సిగ్గనిపించింది. ఆయన జీవితం గురించి, రచనల గురించి వివరంగా చెప్పగలరా?

జవాబు: సిగ్గుపడవలసిన పని లేదమ్మా. తెలుసుకోవాలని ఉత్తరం రాశారు, అది నాకు ఎంతో సంతోషం కలిగించింది. నేను కూడా ఆయన కథలు మొదట చదివినప్పుడు కథ కింద "స్వామి" అన్న రెండక్షరాలు మాత్రమే చూశాను. ఆ స్వామి ఏ ఊరివారో, ఏం చేస్తారో చాలాకాలం దాకా నాకూ తెలియలేదు.

బండి నారాయణస్వామి గారు 1952లో అనంతపురంలో పుట్టారు. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. కథలు చాలా రాశారు. "వీరగల్లు" పేరుతో ఆయన కథల సంపుటి ఉంది. నవలల్లో "గద్దలాడతండాయి", "మీ రాజ్యం మీరేలండి", "రెండు కలల దేశం", "నిసర్గం" మొదలైనవి ఉన్నాయి. "శప్తభూమి" 2017లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన నవలల్లో ఒకటి. అదే నవలకు 2019వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం కింద లక్ష రూపాయల నగదు, తామ్రఫలకం, శాలువా ఇస్తారు.

పత్రికల్లో సాధారణంగా ఇంతవరకే రాస్తారు. అయితే నవలాకారుడి జీవితాన్ని పురస్కారం దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవకూడదని నా గట్టి అభిప్రాయం. 1952లో పుట్టిన మనిషికి 2017 నాటికి 65 ఏళ్లు. అంటే, ఉద్యోగం ముగించుకుని పింఛను తీసుకునే వయసు దాటిన తర్వాత గాని ఆ పేరు రాష్ట్రం ఎల్లలు దాటలేదు. అంతకుముందు ఉన్న దశాబ్దాలన్నీ ఏమైనట్టు? అవి కథల్లో ఉన్నాయి, ముందు వచ్చిన నవలల్లో ఉన్నాయి, రోజూ బడికి వెళ్లి వచ్చిన కాలంలో ఉన్నాయి. ఆ దశాబ్దాలను వదిలేసి 2019 ఒక్కటే గుర్తుపెట్టుకుంటే రచయిత మనకు సగం కూడా తెలియడు.

బడి ఉద్యోగం గురించి ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. సీమలో కథలు, నవలలు రాసినవారిలో ఉపాధ్యాయులు ఇంతమంది ఎందుకున్నారని చాలామంది అడుగుతారు. నెలజీతం వల్ల ఇల్లు గడుస్తుంది, సెలవుల వల్ల తీరిక దొరుకుతుంది అన్నది ఒక కారణం. దానికంటే పెద్ద కారణం హాజరు పట్టీ అని నేను నమ్ముతాను. నేను కదిరి వైపు ఒక పల్లెలో పన్నెండేళ్లు పాఠాలు చెప్పాను. వేరుశనగ చేతికొచ్చిన ఏడాది పట్టీ నిండుగా ఉండేది. వాన మొహం చాటేసిన ఏడాది సంక్రాంతి దాటీ దాటకముందే ఒక్కొక్క పేరు ఎదుటా గైర్హాజరు గుర్తులు వరసగా పడుతూ పోయేవి. మొదట కూలివాళ్ల పిల్లలు, తర్వాత రెండెకరాల రైతుల పిల్లలు కనిపించకుండా పోయేవారు. అడిగితే పక్కపిల్లవాడు "బెంగళూరు పోయినార్సార్" అని లేచి నిలబడి చెప్పేవాడు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురుస్తుందని భూగోళం పుస్తకంలో ఉంటుంది. ఆ అంకెకు అర్థమేమిటో ఉపాధ్యాయుడికి పట్టీలో, పిల్లల పేర్లతో సహా కనిపిస్తుంది. ఇరవై, ముప్ఫై ఏళ్లు అలాంటి పట్టీ రాసినవాడు నవల రాస్తే కరువు అందులో వట్టి వర్ణనగా మిగలదు.

"వీరగల్లు" అన్న మాట మీ స్నేహితులకు తెలియకపోవచ్చు కాబట్టి అదీ చెబుతాను. యుద్ధంలోనో, ఊరి పశువులను దొంగల నుంచి కాపాడుతూనో చనిపోయినవాడి జ్ఞాపకంగా నిలబెట్టిన శిల అది. కల్లు అంటే కన్నడంలో రాయి. బళ్లారి జిల్లా నుంచి విడదీసి 1882లో ఏర్పాటుచేసిన జిల్లా మనది, కన్నడం మన మాటల్లో కలిసిపోయి ఉండటం సహజం. ఈసారి ఏదైనా పల్లెకు వెళ్లినప్పుడు చెరువుకట్ట మీదో, ఊరి బయట చింతచెట్టు కిందో చూడండి. నడుము వరకు భూమిలో కూరుకుపోయిన బండ, దాని మీద కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, ఏళ్ల తరబడి పూసిన సున్నంతో పసుపుతో ముక్కూ మొహం కనిపించకుండా పోయి ఉంటుంది. చాలాచోట్ల ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు, పూజ మాత్రం జరుగుతూ ఉంటుంది. కథల సంపుటికి ఆ పేరు పెట్టడంలోనే, చరిత్ర పేరు రాసిపెట్టని మనుషుల వైపు రచయిత చూపు ఉన్నదని నాకు అనిపిస్తుంది. "శప్తభూమి"కి దారి అక్కడే మొదలయింది.

కాబట్టి మీరూ మీ స్నేహితులూ ముందుగా "వీరగల్లు" కథలు చదవండి. ఆ తర్వాత "శప్తభూమి" పట్టుకోండి.

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, తాడిపత్రి): పుస్తకాల అంగడిలో "సప్తభూమి" అని అడిగితే, అంగడాయన అది "శప్తభూమి" అని సరిదిద్దాడు. శప్త అంటే ఏమిటి? అందులో ఉన్నది నిజంగా జరిగిన చరిత్రేనా, కల్పనా?

జవాబు: అంగడివారు చెప్పినదే సరైనది. సప్త అంటే ఏడు, శప్త అంటే శాపం తగిలినది. శపించు, శాపం అన్న మాటల కుదురే ఇది. మన నోటిలో శకారం, సకారం కలిసిపోతాయి గనుక పొరపాటు పడటం సులభం. నేను చూసిన కొన్ని వార్తల్లోనూ సకారమే అచ్చయింది. అయితే ఈ ఒక్క అక్షరం మారితే అర్థమంతా మారిపోతుంది కాబట్టి పట్టుబట్టి శకారమే రాయాలి.

నవల కాలం 18వ శతాబ్దం. అనంతపురం హండే నాయకుల పాలనలో ఉన్న రోజులు. ఆ కాలంలో ఈ నేల మీదుగా నడవని సైన్యం లేదు. గుత్తి కోటలో మరాఠా సర్దారు మురారిరావు ఉండేవాడు, 1776లో హైదర్ అలీ ఆ కోటను పట్టుకున్నాడు. తర్వాత టిప్పు, ఆయన 1799లో మరణించాక నిజాము, 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయడం, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా రావడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. మనకు చాలాకాలం "దత్తమండలం" అన్న పేరు ఉండటానికి ఆ 1800 నాటి ఒప్పందమే కారణం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించిన తర్వాతనే "రాయలసీమ" అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

ఈ రాజకీయమంతా పుస్తకాల్లో దొరుకుతుంది. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రల రాతలు, ఉన్నాయి, 1905లో ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు ఉంది. వాటిలో నాయకుల వంశవృక్షాలు, కోటలు, పేష్కషు (కప్పం) లెక్కలు, ఎవరు ఎవరిని ఓడించారన్న సంగతులు కనిపిస్తాయి. పాలెగాని వెంట కత్తి పట్టుకుని పోయిన కట్టుబడివాడి (పాలెగాని బంటు) ఇంట్లో ఆ రాత్రి ఏం వండుకున్నారు, దేవతకు బసివిగా విడిచిన ఆడపిల్ల మనసులో ఏముంది, కరువులో ముందుగా ఊరు విడిచిన కులమేది అన్నవి మాత్రం ఆ కాగితాల్లో లేవు. చారిత్రక నవలాకారుడికి పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అందువల్ల మీ ప్రశ్నకు నా జవాబు ఇది: కాలం, పాలన, ఆచారాలు చరిత్రకు సంబంధించినవి, చరిత్ర వదిలేసిన మనుషులను మనముందు నిలబెట్టినది కల్పన. తేదీల కోసం గెజిటీరు చూడండి. మనుషుల కోసం నవల చదవండి.

బసివి ఆచారం గురించి మరో మాట. ఇది ఎప్పుడో పోయిన ముచ్చట అని యువ పాఠకులు అనుకోవచ్చు. ఆడపిల్లలను ఇలా దేవతలకు అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. నలభై ఏళ్లు గడిచిన తర్వాత 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ చట్టం చేయవలసి వచ్చింది. రెండోసారి చట్టం ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే, 18వ శతాబ్దపు కథను ఇప్పటి రచయిత ఎందుకు ఎత్తుకున్నాడో మనకు అర్థమవుతుంది.

ఇక శాపం ఎవరు పెట్టారన్నది. వాన లేకపోవడమే శాపమని పైకి అనిపిస్తుంది. నా చదువు ప్రకారం, ఈ నవలలో ఆకాశానికి ఉన్న బాధ్యత తక్కువ, కత్తి పట్టినవాడికీ కులం పట్టినవాడికీ ఉన్న బాధ్యత ఎక్కువ. మీరు చదివి వేరే అభిప్రాయానికి వస్తే తప్పకుండా రాయండి, అచ్చు వేస్తాను.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగి, హిందూపురం): నాది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది. "గద్దలాడతండాయి" అన్న పేరు మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. ఇలా మాండలికంలో రాస్తే రచయితకు పాఠకులు తగ్గిపోరా?

జవాబు: మూడుసార్లు చదివారు కదండీ, మూడోసారికి అర్థమయింది కదా. మాండలికం మీ దగ్గర అడిగేది ఆ మాత్రం ఓపికే.

ఆ మాటను విడదీసి చూద్దాం. మీరు "ఉన్నాయి" అనే చోట సీమలో "ఉండాయి" అంటారు. "ఆడుతూ ఉన్నాయి" కలిసిపోయి మీ నోట "ఆడుతున్నాయి" అయింది. "ఆడతా ఉండాయి" కలిసిపోయి మా నోట "ఆడతండాయి" అయింది. రెండూ ఒకే పద్ధతిలో పుట్టిన మాటలు, ఒకటి శుద్ధం, మరొకటి అశుద్ధం అనడానికి వ్యాకరణంలో ఆధారం ఏదీ లేదు. మీ మాట పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో వందేళ్లుగా వినిపిస్తూ ఉండటం వల్ల అందరికీ అలవాటయింది. మా మాట చాలాకాలం సినిమాల్లో తొడగొట్టేవాడి నోట మాత్రమే వినిపించింది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మా అమ్మ జోలపాట పాడిన భాష అది, మా నాన్న వాన కోసం మొక్కిన భాష అది. "రొంత నీళ్లియ్యమ్మా" అని అడిగే గొంతులో ఉన్న మెత్తదనం వినకుండా, ఈ భాషకు కోపం తప్ప మరేమీ రాదని జనం అనుకుంటే, ఆ తప్పును సరిదిద్దగలిగినది కథలూ నవలలే.

"గద్దలు ఆడుతున్నాయి" అని పేరు పెట్టి ఉంటే ఏం పోయేదని మీరు అడగవచ్చు. పల్లెలో ఒక ముసలామె కంటికి చేయి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసి, "గద్దలాడతండాయి" అంటే, ఆడటం అంటే ఆటకాదనీ, ఎక్కడో కింద ఒక జీవం పడి ఉన్నదనీ వినేవారికి తెలిసిపోతుంది. ఆ అనుమానం, ఆ భయం ఆ ఉచ్చారణలోనే ఉన్నాయి. దాన్ని పుస్తక భాషలోకి మారిస్తే పక్షుల గురించిన వాక్యం మాత్రం మిగులుతుంది.

పాఠకులు కొంత తగ్గుతారన్నది నిజమే. అయినా ఏ రచయితైనా తన మనుషుల నోటిని మార్చి పాఠకులను పెంచుకోవాలని నేను సలహా ఇవ్వను. మీరు ఇక్కడే ఉన్నారు కనుక, సందేహం వచ్చిన మాటను మీ బ్యాంకుకు వచ్చే రైతును అడగండి. సంతోషంగా చెబుతాడు.

ప్రశ్న (గృహిణి, ప్రొద్దుటూరు): "కొండపొలం" సినిమా చూశాను, నవల చదవలేదు. రెండింటిలో ఏది ముందు? ఆ నవల రాసినాయన మా జిల్లావారేనట, నిజమా? మా తమ్ముడు కూడా ఒక నవల రాశాడు. ఎవరో సినిమాకు ఇమ్మంటున్నారు. ఏం చూసుకోవాలి?

జవాబు: మూడు ప్రశ్నలు అడిగారు తల్లీ. మొదటి రెండింటికి త్వరగా చెప్పి మూడోదానికి వస్తాను.

ముందు నవల. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు మీ కడప జిల్లావారే, బాలరాజుపల్లె వారి ఊరు. ఆయన కూడా ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే. "కాడి", "తోలుబొమ్మలాట", "పాలెగత్తె", "చినుకుల సవ్వడి", "ఒక్క వాన చాలు" వంటి నవలలు, "కొత్త దుప్పటి" కథలు ఆయన రాసినవే. ఆ పేర్లను వరసగా పైకి చదివి చూడండి, సేద్యగాడి ఇంటి వసారాలో కూర్చున్నట్టు ఉంటుంది. "కొండపొలం"కు 2019లో తానా నవలల పోటీ బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఊళ్లో మేత, నీళ్లు అయిపోయినప్పుడు గొర్రెల మందలను తోలుకుని కాపరులు వారాల తరబడి నల్లమల అడవిలో ఉండిపోవడాన్నే కొండపొలం అంటారు. నవలలో ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు తండ్రి వెంట అలా అడవికి వెళ్తాడు. సినిమాకు రెండున్నర గంటల హద్దు ఉంది. అడవిలో ఒక పగలు ఎంత పొడుగ్గా ఉంటుందో నవల మాత్రమే చెప్పగలదు. గొర్రె నడిచేంత మెల్లగా చదవవలసిన పుస్తకం అది. తప్పకుండా చదవండి.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రాసిన క్షణం నుంచే నవల మీద హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే సాక్ష్యంగా పనికివస్తుంది. ఆ హక్కు రచయిత జీవితకాలమంతా, మరణించిన తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. దాన్ని మరొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, రచయిత గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ సంతకం చేయాలి. నోటిమాట చెల్లదు. ఒప్పందంలో ఏ నవల, ఏయే హక్కులు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత సొమ్ముకు అన్నవి స్పష్టంగా రాయించుకోవాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుని ఉంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే. అందుకే "గడువు ఎంతైనా ఫర్వాలేదు" వంటి మాటలు కాగితంలో ఉంటే సంతకం పెట్టవద్దు. సినిమా హక్కు ఇచ్చినంత మాత్రాన పుస్తకం అచ్చువేసే హక్కు, అనువాద హక్కు పోకుండా విడివిడిగా రాయించండి. రచయితగా తన పేరు చెప్పుకునే హక్కు మాత్రం, అన్నీ అమ్ముకున్నా పోదు.

నాకు తెలిసిన ఒక రచయిత ఇరవై ఏళ్ల కిందట తన కథను ఒకరికి హోటలు గదిలో కూర్చుని మొత్తం చెప్పేశాడు. కాఫీ తాగి, కరచాలనం చేసి వచ్చాడు. కాగితం లేదు. తర్వాత ఆ కథ తెర మీద మరొకరి పేరుతో కనిపించింది. ఆయన ఈనాటికీ సినిమా హాలు దారిన నడవడు. మీ తమ్ముడిని ప్రొద్దుటూరులోనే ఒక న్యాయవాదికి ఆ కాగితం చూపించమనండి. అందుకయ్యే ఖర్చుకు వెనకాడవద్దు.

ప్రశ్న (బస్సు కండక్టరు, కర్నూలు): పన్నెండేళ్లుగా డ్యూటీ దిగాక రాత్రిళ్లు రాస్తున్నాను. మూడు నోటుబుక్కులు నిండాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకుంటే బాగుంటుందని మనసు లాగుతోంది. నవలలు రాసి బతకవచ్చా?

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టికెట్ల కాగితం వెనక రాసుకున్న పేరా కూడా జతచేశారు. అందులో ఆదోని బస్సులో మిరపకాయల మూట మీద కూర్చుని నిద్రపోయిన పిల్లవాడి బొమ్మ నాకు ఇంకా కళ్లముందు ఉంది. మీకు రాయడం వచ్చు. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత చేదు మాట చెబుతాను.

తెలుగులో నవలలు రాసి ఇల్లు నడపడం ఇప్పటి పరిస్థితుల్లో కుదరదు. ఒకప్పుడు వారపత్రికలు సీరియళ్లకు మంచి సొమ్ము ఇచ్చిన కాలం ఉంది. ఆ పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు గంభీరమైన నవల ఐదువందలో, వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. చాలాసార్లు అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటాడు. దాని మీద పుస్తకాల దుకాణం కమీషను పోవాలి, పార్శిలు ఖర్చు పోవాలి, ఆ తర్వాత మిగిలిన డబ్బు నెలల తర్వాత వస్తుంది, కొన్నిసార్లు రాదు. మా బంధువుల్లో ఒకాయన భార్య గాజులు కుదువపెట్టి నవల అచ్చువేయించాడు. చనిపోయిన తర్వాత ఆయన నులకమంచం కింద కట్టలు విప్పని ప్రతులు బయటపడ్డాయి. అడుగు కట్టను చెదలు తినేశాయి. పైకట్టలోని ప్రతి ఒకటి తెచ్చుకుని చదివాను, చక్కటి నవల. ఆ ఇంట్లో పిల్లలెవరూ దాన్ని అప్పటిదాకా తెరవలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది, అందుకే మీకు తియ్యటి మాటలు చెప్పలేను.

పైన చెప్పిన ఇద్దరు రచయితలనూ చూడండి. ఇద్దరూ ఉపాధ్యాయులే. లక్ష రూపాయల పురస్కారాన్ని దాని వెనక ఉన్న ఏళ్లతో భాగిస్తే నెలకు కూరగాయల ఖర్చు కూడా రాదు. ఆ డబ్బు కోసం వారు రాయలేదు. జీతం ఇంటికి ఇచ్చారు, మిగిలిన రాత్రిని నవలకు ఇచ్చారు. ఉద్యోగం అడ్డమని మీరు అనుకుంటున్నారు. నా కంటికి మీ బస్సే మీ నవల. రోజుకు వందలమంది మీ చేతిలో డబ్బులు పెట్టి, ఎక్కడికి పోతున్నారో తమ నోటితో చెబుతారు. ఏ రచయితకు దొరుకుతుంది ఆ అదృష్టం? మానేయవద్దు.

ఆచరణకు సంబంధించిన మాటలు కొన్ని. మూడు నోటుబుక్కుల్లో ఉన్నదాన్ని వెంటనే ఎవరికీ పంపవద్దు. ఒక నెల పక్కన పెట్టి, తర్వాత మొత్తాన్ని గట్టిగా చదివి, మీ ఇంట్లోవారికి వినిపించండి. వారు ఎక్కడ ఆవలిస్తే అక్కడ గీత పెట్టండి. ముందు ఒకటి రెండు ఘట్టాలను కథలుగా మలచి పత్రికలకు పంపండి. నారాయణస్వామి గారు కూడా కథల నుంచే నవలకు వచ్చారు. నవలల పోటీ ప్రకటన వస్తే నియమాలు జాగ్రత్తగా చదివి పంపండి, రాతప్రతి నకలు ఒకటి తప్పకుండా దగ్గర ఉంచుకోండి. చివరకు సొంతంగా అచ్చువేయించవలసి వస్తే వెయ్యి ప్రతుల జోలికి పోకుండా మూడువందలతో మొదలుపెట్టండి, అయిపోతే మళ్లీ వేయవచ్చు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఉండే ప్రత్యేక గుర్తింపు) సంఖ్య కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీలలోని మరో రెండు గ్రంథాలయాలకు ప్రచురణకర్త ప్రతులు పంపాలి. చాలామంది పంపరు. మీరు పంపండి. మంచం కింది ప్రతులను చెదలు తిన్నా, కలకత్తాలో ఒకటి ఉంటుంది.

మిరపకాయల మూట మీది పిల్లవాడు తర్వాత ఏ స్టాపులో దిగాడో రాశారా? రాయకపోతే రాయండి.

ప్రశ్న (ఉపాధ్యాయిని, కడప): బండి నారాయణస్వామి గారి ఫోన్ నంబరు ఇవ్వగలరా?

జవాబు: ఎవరి నంబరూ, చిరునామా ఈ శీర్షికలో ఇవ్వమండీ, అన్యథా భావించవద్దు. ప్రచురణకర్త పేరున ఉత్తరం రాస్తే రచయితకు అందుతుంది. పుస్తకం చదివిన తర్వాత రాయండి, ఏ పేజీ నచ్చిందో కూడా రాయండి.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, నంద్యాల): ఈ నవలలన్నీ కొనే స్తోమత మాకు లేదు. మా ఊరి గ్రంథాలయంలో అడిగితే లేవన్నారు. ఏం చేయాలి?

జవాబు: బాబూ, మీ ఇంటిపన్ను రసీదు నాన్నగారిని అడిగి తీసుకుని చూడు. అందులో గ్రంథాలయ సెస్సు అన్న వరస ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మన రాష్ట్రంలో గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. అద్దె ఇంట్లో ఉన్నా, ఆ పన్ను అద్దెలో కలిసే ఉంటుంది. అంటే ఆ పుస్తకాలకు మీ ఇంటివారు ముందుగానే కొంత డబ్బు కట్టారు. కాబట్టి మొహమాటపడకుండా మళ్లీ వెళ్లు. చాలా గ్రంథాలయాల్లో పాఠకుల సూచనల పుస్తకం ఒకటి ఉంటుంది, అది అడుగు. లేదంటే తెల్లకాగితం మీద "శప్తభూమి", "వీరగల్లు", "కొండపొలం" అని పేర్లు, రచయితల పేర్లు స్పష్టంగా రాసి, నీతోపాటు మరో పదిమంది స్నేహితుల చేత సంతకాలు పెట్టించి గ్రంథాలయాధికారికి ఇవ్వు. ఒక నకలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపు. "శప్తభూమి"లో మొదటి అక్షరం శకారం అని మరచిపోవద్దు, లేకపోతే జాబితాలో దొరకదు. రెండు నెలల్లో ఏ కబురూ రాకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయి. నా దగ్గర ఉన్న "వీరగల్లు" ప్రతి నీకు పంపిస్తాను, చదివి తిరిగి పంపాలి.